తోమాస్ లేడు

ఉదయం ఏడూ పదికి ఇతాపోరా ఆనకట్టకు వెళ్ళే బస్సు పదకొండో కిలోమీటరు కూడలిలో ఆగింది. నెత్తిన చిపా రొట్టెల బుట్టతో ఒకామె ఎక్కింది. బుట్ట మీద తెల్లగుడ్డ, గుడ్డ కింద వేడి రొట్టెలు, రొట్టెల కింద రేడియో, రేడియో పక్కన చిన్న పిస్తోలు. ఆమె పేరు నిమియా ఒకాంపోస్. రాజధాని అసున్సియోన్‌లో వాతావరణ శాఖ బోర్డు తగిలించిన ఒక మేడలో ఉద్యోగం. ఆ మేడలో వానల సంగతి తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

అయిదో వరసలో కిటికీ పక్కన కూర్చున్నవాడు ఆమెను ఒక మాట అడగాలి. "సోంపు వేశారా?" అంటే, "వేశాం, జున్నే తక్కువ" అని ఆమె చెప్పాలి. అతని పేరు సెల్సో, ఆనకట్ట కంప్యూటర్ గదిలో ఇంజనీరు. ఫోన్లో చెప్పలేని విషయం ఒకటుందని రెండు రోజుల కిందట కబురు పంపాడు.

అతను ఏమీ అడగలేదు. తల అద్దానికి ఆనించి ఉన్నాడు. నిద్రపోయాడనుకుంది నిమియా. తర్వాత అతని మోకాళ్ళ మధ్య ఉన్న నీళ్ళ ఫ్లాస్కు చూసింది. బస్సు ఎంత కుదిపినా అది కదలడం లేదు. నిద్రపోయే మనిషి మోకాళ్ళు వదులవుతాయి. ఇతనివి బిగుసుకుని ఉన్నాయి. మెడ వెనక దోమకాటంత ఎర్రచుక్క. ఎడమ అరచేతిలో నీలం ఇంకుతో, వంకర అక్షరాల్లో రెండు మాటలు. తోమాస్ లేడు.

ఆమె ఎదుటి సీటావిడకు రెండు రొట్టెలు అమ్మి, నెమ్మదిగా కండక్టర్ దగ్గరికి వెళ్ళింది. సెల్సో వెనక సీట్లో ఎవరు కూర్చున్నారని అడిగింది. ఒక సన్యాసిని అనీ, కిందటి స్టాపులోనే దిగిపోయిందనీ అతను చెప్పాడు.

"మఠం వాళ్ళు కూడా అత్తర్లు పూసుకుంటున్నారమ్మా ఈమధ్య. బస్సంతా పెళ్ళిల్లయిపోయింది" అన్నాడు.

ఆఖరి స్టాపులో ఇద్దరు మనుషులు ఎక్కి, తాగి పడిపోయాడని తిడుతూ సెల్సో శవాన్ని దింపుకుపోయారు. వాళ్ళదీ వాతావరణ శాఖే.

ఆనకట్ట గోడ నీడలో నిలబడి నిమియా రేడియో చెవికి పెట్టుకుంది. అవతల కర్నల్ ఫ్లెయితాస్. ఆయన ఏదీ రెండోసారి చెప్పడు. మార్ఫిల్ అనే విదేశీ ముఠా, కంపెనీ వేషంలో, ముప్పై ఏళ్ళ పాటు ఈ ఆనకట్టను తన చేతికివ్వమని అడుగుతోంది. నిర్ణయం వచ్చే వారం. అంతలో ఇక్కడేదైనా ఘోరం జరిగితే, మనవాళ్ళకు చేతకాదని ఋజువవుతుంది. ఇక్కడ పని నడిపే సర్వర్లు రెండు, జంటగా ఒక క్లస్టర్. ఒకటి పడిపోతే రెండోది లేచి అందుకోవాలి. ఏడాదికోసారి దానికి పరీక్ష. ఈరోజు మధ్యాహ్నం పన్నెండుకు మొదటి సర్వర్ పనంతా రెండోదానికి అప్పగిస్తారు. ఈరోజే పడవవాళ్ళ దేవుడు సాన్ పెద్రో పండగ. కరాందా రేవు నుంచి బయల్దేరే అరవై రెండు పడవలు, పిల్లాపాపలతో, సరిగ్గా పన్నెండుకు గేట్ల కిందుగా ఊరేగింపుగా వెళ్తాయి. గేట్లు పద్నాలుగు. అన్నీ ఒక్కసారి తెరుచుకుంటే ఒక్క పడవా మిగలదు.

పరీక్ష ఆపేస్తే పోదా అని నిమియా అడిగింది. ఈరోజు ఆపితే మనకు తెలిసిపోయిందని వాళ్ళకు తెలుస్తుందనీ, అప్పుడు మనకు తెలియని రోజును ఎంచుకుంటారనీ కర్నల్ అన్నాడు.

"తోమాస్ ఎవడో పట్టుకో. లోపల మన సాలీడు ఉంది. నిన్ను అదే కలుస్తుంది."

ఆనకట్ట సిబ్బందిలో తోమాస్ అనే పేరు ఒక్కడిదే. గేటు దగ్గర కాపలాదారు తోమాస్ బరేతో. ఎక్కడికీ పోలేదు. కుర్చీ నిండా కూర్చుని ఉన్నాడు. చిపా మూడు కొనుక్కుని, నాలుగోది నమూనాకు అడిగాడు. ఇంత నవ్వుమొహం వాణ్ణి నమ్మకూడదని నిమియా అనుకుంది. ఆ మేడలో అయిదేళ్ళు పనిచేశాక నవ్వేవాళ్ళ మీద ఒక అనుమానం, నవ్వనివాళ్ళ మీద రెండు అనుమానాలు కలుగుతాయి.

సాలీడు వచ్చి కలిసింది. రొసాల్బా ఆమె పేరు. ఆకుపచ్చ సిల్కు చొక్కా, భుజం మీద సాలెగూడు లాంటి లేసు బ్రోచి. నడిచి వస్తుంటే వరండాలో ఉన్న గుమాస్తాలు ఫైళ్ళు చదవడం మానేశారు. మార్ఫిల్ పంపిన సలహాదారుగా మూడేళ్ళుగా ఇక్కడే ఉంది. వాళ్ళ జీతం తీసుకుంటూ వాళ్ళ సమాచారం కర్నల్‌కు చేరవేస్తోంది. తన ఊరు ఎన్‌కర్నసియోన్ అని చెప్పుకుంటుంది. మాటలో ఆ ఊరి యాస ఎక్కడా తప్పదు.

ఆమె ఒక కాగితం ఇచ్చింది. క్లస్టర్‌లో ఏ మార్పు చేసినా, ఎవరి తాళంతో చేశారో రిజిస్టర్‌లో పడుతుంది. ఆ తాళాలు ముగ్గురికే ఉన్నాయి. సెల్సో, తను, పెద్ద ఇంజనీరు దోన్ అనిసేతో. పది రోజుల కిందటి చివరి మార్పు దోన్ అనిసేతో తాళంతో జరిగింది.

"ముసలాయన మంచివాడే. కానీ మంచివాళ్ళ రేటే ఎక్కువ కదా" అంది రొసాల్బా.

ఆయన్ని బంధించమని కర్నల్ రేడియోలో అన్నాడు. తొమ్మిదీ నలభైకి నిమియా ఆ పని చేసింది. అరవై నాలుగేళ్ళ మనిషి. వాదించలేదు. స్టోరు గదిలో తుప్పు పట్టిన ఫ్యాన్ల మధ్య ఒక పెట్టె మీద కూర్చున్నాడు. ఒక్కటే అడిగాడు. తన చెల్లెలు ప్లాసిదా మొదటి పడవలో దేవుణ్ణి పట్టుకుని వస్తుందనీ, ఏటా తను గట్టు మీద నిలబడి చెయ్యూపుతాననీ, ఈసారి రాలేనని ఎవరైనా ఆమెకు చెబుతారా అనీ.

తలుపు తాళం వేశాక ఆ మాట నిమియా చెవిలోనే ఉండిపోయింది. చెల్లెలు ఎక్కిన పడవను ముంచేవాడు, ఆమెకు కబురు పంపమంటాడా? లేక, అలా అనిపించాలనే అడిగాడా?

పదకొండు దాటింది. ఆమె గేటు దగ్గర బుట్ట దించుకుని కాపలాదారును గమనిస్తూ కూర్చుంది. తోమాస్ బరేతో కొమ్ము గ్లాసులో తెరెరే ఆకు నింపి, గొట్టం గుచ్చి, ఫ్లాస్కులోంచి చల్లటి నీళ్ళు పోశాడు. తాగలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి చేతులు కట్టుకున్నాడు. ఆకు నీళ్ళన్నీ పీల్చేసింది.

"ఇది నా పేరున్న పెద్దాయనకి" అన్నాడు. "ఆయన తాగాకే మనం."

ఇంట్లో, బడిలో, ఆఫీసులో ఆమె వేలసార్లు చూసిందే. మొదటి పోత దేవుడు సాంతో తోమాస్‌కు. ఎవరూ తాగరు. ఎవరూ ఎందుకని అడగరు. నిమియా బుట్టలోంచి రొసాల్బా ఇచ్చిన కాగితం తీసింది. పొద్దున పేరూ తేదీ మాత్రమే చూసింది. ఈసారి కింద చిన్న అక్షరాల్లో ఉన్న కారణం కూడా చదివింది. చదివి, లేచి స్టోరు గదికి వెళ్ళింది.

"తోమాస్ ఎవరు?" అని అడిగింది.

దోన్ అనిసేతో ఆమె మొహంలోకి చూశాడు. "క్లస్టర్‌లో ఎవరూ ఒంటరిగా లేవరమ్మాయీ. డిస్కు లేస్తేగాని నీటిమట్టం చదివే ప్రోగ్రాం లేవదు. మట్టం తెలిస్తేగాని గేట్ల ప్రోగ్రాం లేవదు. ఎవరి వెనక ఎవరో ఒక జాబితా ఉంటుంది. డిస్కుకీ మట్టానికీ మధ్య నేను ఇంకొకణ్ణి కూర్చోబెట్టాను. వాడు ఏ పనీ చెయ్యడు. తొంభై సెకన్లు ఊరికే ఉంటాడు. నది మీద సెన్సార్లు కొత్త సర్వర్‌ని వెతుక్కోడానికి అంతసేపు పడుతుంది. వాడికి తోమాస్ అని పేరు పెట్టా."

"వాడు లేకపోతే?"

"మట్టం సున్నా అని వస్తుంది. కింద నది ఎండిపోయిందనుకుని పద్నాలుగు గేట్లూ తెరుచుకుంటాయి. జాబితా మాత్రం ముచ్చటగా ఉంటుంది. డిస్కు, మట్టం, గేట్లు. వరస తప్పలేదు కదా. ఎవడికీ అనుమానం రాదు."

సెల్సోకు వచ్చింది. అందుకే ఇప్పుడు లేడు. నిమియా కాగితంలో కారణం పైకి చదివింది. "పాత ఉద్యోగి తోమాస్ పేరుతో ఉంది. ఆ ఉద్యోగి ఇప్పుడు లేడు. పనికిరానిది, తీసివేయడమైనది."

ముసలాయన కాసేపు నవ్వాడు. "ఉద్యోగిట. ఈ దేశంలో పాలు తాగే పిల్లాడు కూడా ఆ మాట రాయడు. నా తాళం దొంగిలించింది ఎవరో పరాయివాళ్ళు. నన్ను వదులు. కన్సోల్ దగ్గర రెండు నిమిషాల పని. వాణ్ణి మళ్ళీ కూర్చోబెడతాను."

నిమియా వదల్లేదు. ఆ మాట ఆయనే రాసుకుని, ఇప్పుడు నవ్వుతూ ఉండవచ్చు. మనుషుల్ని వరసగా నమ్మకూడదని ఆమెకు నేర్పారు. తలుపు మళ్ళీ తాళం వేసింది. ఆ జాగ్రత్తకు పదిహేను నిమిషాలు ఖర్చయ్యాయి.

కాపలాదారు దగ్గర గ్లాసూ ఫ్లాస్కూ ఎరువు తీసుకుని, బుట్టెత్తుకుని కన్సోల్ గదికి వెళ్ళింది. రొసాల్బా తెర ముందు కూర్చుని ఉంది. పదకొండూ నలభై అయిదు. ముసలాయన ఒప్పుకున్నాడని నిమియా అబద్ధం చెప్పింది. రొసాల్బా జాలి పడింది. నిమియా కొత్త ఆకు వేసి, నీళ్ళు పోసి, మొదటి గ్లాసు ఆమె చేతికిచ్చింది. రొసాల్బా గొట్టం పెదాల మధ్య పెట్టుకుని చివరిదాకా పీల్చింది.

"బాగా చల్లగా ఉంది" అని గ్లాసు తిరిగిచ్చింది.

"మీ ఊళ్ళో మొదటిది తాగుతారా?"

రొసాల్బా చెయ్యి ఒక్క క్షణం గాలిలోనే ఆగింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వులో యాస లేదు.

"ఆరేళ్ళు నేర్చుకున్నా. మీ యాస, మీ పాటలు, మీ తిట్లు. నీళ్ళు తాగడానికి కూడా వరస ఉంటుందని ఎవరూ చెప్పలేదు."

"అడిగుంటే చెప్పేవాళ్ళం."

రొసాల్బా భుజం మీది బ్రోచిని నొక్కింది. గదిలో తెరలన్నీ ఒక్కసారి నల్లబడి, తాళం బొమ్మ చూపించాయి. పరీక్ష ఇక దానంతట అదే పన్నెండుకు మొదలవుతుందంది. నిమియా బుట్టలోని పిస్తోలు అందుకునేలోపే చేతిసంచిలోంచి అత్తరు సీసా తీసి ఆమె కళ్ళలోకి కొట్టి, ఆ పిస్తోలు లాక్కుని వెళ్ళిపోయింది. కళ్ళు మండిపోతూ, గోడ తడుముకుంటూ ఉన్నా నిమియాకు ఆ వాసన తెలిసింది. పెళ్ళిల్లు. బస్సులో సెల్సో ఆఖరుసారి పీల్చింది ఇదే.

మొహం మీద ఫ్లాస్కు నీళ్ళు కుమ్మరించుకుని, తలుపు తడిమి బయటపడేసరికి పదకొండూ నలభై తొమ్మిది. పడవలు ఆపించమని కర్నల్‌కు చెప్పింది. రేవులో బ్యాండు, టపాకాయలు, ఎవరూ ఫోను ఎత్తడం లేదని ఆయన అన్నాడు. మొదటిసారి ఆయన ఒకే మాట రెండుసార్లు చెప్పాడు.

స్టోరు గది తలుపు తీసినప్పుడు దోన్ అనిసేతో ఆమె ఎర్రకళ్ళు చూసి లేచి నిలబడ్డాడు. కన్సోల్ పోయిందని విని, గోడవైపు చూస్తూ వేళ్ళు లెక్కపెట్టాడు. తోమాస్‌ను రాయలేం. కానీ తోమాస్ పని ఎవరైనా చెయ్యవచ్చు. వరసలో అందరికంటే ముందున్నది డిస్కు. రెండో సర్వర్‌కు డిస్కు తీగ అందకపోతే దాని వెనక ఎవరూ లేవరు. తొంభై సెకన్లు తీగ లాగి పట్టుకుని, తర్వాత పెట్టాలి.

రెండో సర్వర్ ఆనకట్ట అవతలి చివర ఉంది. దారి ఆనకట్ట లోపలి సొరంగం, పొడుగు కిలోమీటరు పైన. తోమాస్ బరేతో మోటార్‌సైకిల్ తీశాడు. ముందు అతని బొజ్జ, మధ్యలో ముసలాయన, వెనక నిమియా. సగం దారిలో బరేతో, తన పేరు మీద ఏదో కేసుందటగా అని అడిగాడు. లేదని ఇద్దరూ ఒకేసారి అన్నారు. వాళ్ళను దింపి, ఒడ్డున నిలబడి పడవలవైపు చేతులూపడానికి అతను వెళ్ళిపోయాడు.

సర్వర్ గదికి రెండు గాజు తలుపులు, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు. బయటి తలుపు మూసుకుంటేగాని లోపలిది తెరుచుకోదు. లోపల గోడకు ఎర్ర బొత్తాం ఉంది. రెండూ మూసి ఉన్నప్పుడు అది నొక్కితే రెండూ బిగుసుకుంటాయి.

దోన్ అనిసేతో మోకాళ్ళ మీద కూర్చుని తీగల గుంపులోకి చెయ్యి పెట్టాడు. చూపు ఆనక వేళ్ళతోనే వెతికాడు. పసుపుపచ్చ తీగ ఒకటి పీకి ఆమె చేతిలో పెట్టాడు.

"నా చేతులు వణుకుతాయి. నువ్వే పట్టుకో. అప్పగింత మొదలైనప్పట్నుంచి లెక్క. తొంభై కాకుండా పెడితే గేట్లు తెరుచుకుంటాయి. నూట ఇరవై దాటితే క్లస్టర్ విసిగి రెండో సర్వర్‌ని చంపేస్తుంది. మొదటిది అప్పటికే పని వదిలేసి ఉంటుంది. గేట్లని అడిగే దిక్కుండదు."

గోడ మీద చిన్న తెరలో నది కనిపిస్తోంది. రంగుకాగితాలు కట్టిన మొదటి పడవ వంపు తిరిగింది. పన్నెండయింది. పెట్టెలో ఎక్కడో టిక్కుమంది. నిమియా లెక్క మొదలుపెట్టింది.

ముప్పై ఒకటి దగ్గర బయటి తలుపు తెరుచుకుంది. రొసాల్బా, చేతిలో నిమియా పిస్తోలు. లోపలికి అడుగుపెట్టింది. వెనక తలుపు మూసుకుంది. ముందు తలుపు తెరుచుకునేలోపే దోన్ అనిసేతో గోడకు చేరగిలబడి, భుజంతో ఎర్ర బొత్తాం నొక్కాడు. ఆమె రెండుసార్లు పేల్చింది. గాజు మీద రెండు నక్షత్రాలు పడ్డాయి. అంతకంటే ఏమీ కాలేదు.

రొసాల్బా పిస్తోలు దించి, గాజులో అమర్చిన మాట్లాడే గొట్టం దగ్గరికి వంగింది. గొంతులో తొందర లేదు.

"నిమియా, విను. ఆ నూట ఇరవైని నేను అరవైకి తగ్గించా. అరవై దాటితే సర్వర్ చచ్చిపోతుంది. నావల్ల మనుషులు చావడం నాకిష్టం లేదు. ఇప్పుడే పెట్టెయ్."

యాభై రెండు. నిమియా ముసలాయనవైపు చూసింది.

"తగ్గించిందో లేదో నాకు తెలీదు" అన్నాడు. "చూసే దారి కూడా లేదు."

యాభై నాలుగు. మూడేళ్ళలో రొసాల్బా కర్నల్‌కు ఇచ్చిన ప్రతి సమాచారం నిజమే అయింది. తను పొద్దున బంధించిన మనిషి, తెలియదంటున్నాడు. యాభై ఆరు. తెరలో మొదటి పడవ గేట్ల కిందికి వచ్చింది. తెల్ల ముసుగు వేసుకున్న ఒక ముసలామె దేవుణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

యాభై ఎనిమిది. అరవై దాటితే అంతా నాశనమే అయితే ఈమెకు అంతకన్నా కావలసిందేముంది? నోరు మూసుకుని ఇంకో రెండు సెకన్లు నిలబడితే చాలు. మాట్లాడుతోందంటే, ఆగడం ఆమెకు నష్టం.

నిమియా తీగ గుప్పిట్లో బిగించింది. యాభై తొమ్మిది. అరవై. అరవై ఒకటి.

ఏమీ కాలేదు. గాజు వెనక రొసాల్బా మొదటిసారి గడియారం చూసుకుంది.

తర్వాతి అంకెలు చాలా నెమ్మదిగా వచ్చాయి. ఎనభై దగ్గర వేళ్ళు చెమట పట్టి తీగ జారబోయింది. ఎనభై ఏడు దగ్గర దోన్ అనిసేతో ఆమె మణికట్టును పట్టుకుని రంధ్రం వైపు నడిపించాడు. తొంభై. తీగ కూర్చుంది.

డిస్కు దీపం పచ్చగా వెలిగింది. మట్టం దీపం. గోడ మీది తెరలో అంకె పడింది. ఆరు మీటర్ల నలభై. ఆఖరున గేట్ల దీపం వెలిగింది. పద్నాలుగు గేట్లూ ఉన్నచోటే ఉన్నాయి.

పడవలు ఒకదాని వెనక ఒకటి దాటిపోయాయి. నిమియా లెక్కపెట్టింది. అరవై రెండు. మొదటి పడవలో ప్లాసిదా తల ఎత్తి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని గట్టు మీద ఎవరికోసమో చూసింది. పెదాలు కదిలాయి.

"తిడుతోంది" అన్నాడు దోన్ అనిసేతో. కళ్ళు తుడుచుకోలేదు. కారనిచ్చాడు.

ఒంటిగంటకు వాతావరణ శాఖ మనుషులు వచ్చి రొసాల్బాను గాజుపెట్టెలోంచి బయటికి తీసుకుపోయారు. వెళ్తూ ఆమె, కర్నల్‌తో మాట్లాడాలనీ, మార్ఫిల్ గురించి చెప్పవలసినవి ఇంకా ఉన్నాయనీ అంది. నిజమే అయ్యుంటుంది. కర్నల్‌కు ఆమె ఎప్పుడూ నిజాలే అమ్మింది.

మిగిలింది దోన్ అనిసేతో విడుదల. ఆయన ఇంకా కాగితం మీద ఖైదీయే. నిమియా రేడియోలో కర్నల్‌ను అడిగింది. నేరం లేదని రిపోర్టు వస్తేగాని విడుదల ఉత్తర్వు ఇవ్వడం కుదరదని ఆయన చెప్పాడు. విడుదల ఉత్తర్వు నంబరు వేయనిదే రిపోర్టును ఆఫీసులో తీసుకోరు. ఆమె ఆ సంగతి ముసలాయనకు చెప్పి, తల దించుకుని క్షమాపణ కోరింది.

ఆయన లేచి, మోకాళ్ళ దుమ్ము దులుపుకుని, చెల్లెలి దగ్గర తిట్లు తినడానికి రేవువైపు బయల్దేరాడు.

"మా యంత్రాల్లో ఇది దానికోసం, అది దీనికోసం కూర్చుంటే, రాసినవాణ్ణి వెతికి తిడతాం అమ్మాయీ" అన్నాడు గుమ్మంలో ఆగి. "మీ ఆఫీసులో దానికి ముద్ర కూడా వేస్తారన్నమాట."